డిక్కీ అద్దం ఆగితే మోటారు మార్చడమేనా?

పవర్ విండో ఆగిపోయిన పాత బండిని మా కడపలో ఏ షాపు ముందు నిలబెట్టినా మొదట వినపడేది ఒకటే మాట: "మోటరు పోయిందన్నా." డోర్ ప్యాడ్ విప్పకముందే, ఫ్యూజు చూడకముందే ఆ మాట వచ్చేస్తుంది. బండి తెచ్చినాయన కూడా ఆ మాటకు సిద్ధపడే వచ్చి ఉంటాడు. కంపెనీదా, డూప్లికేటా, గుజిరీలో దొరుకుతుందా అని అడుగుతాడు, బేరం ఆడతాడు, మార్పించుకుని పోతాడు. అద్దం ఎక్కుతుంది కూడా. కొన్నాళ్లకు మళ్లీ ఆగుతుంది. కొత్త మోటారు బిగించేటప్పుడు వైర్లు అటూ ఇటూ కదిలి, లోపల తెగిన రాగి కొసలు ఎట్లో తాకి ఉంటాయి. అవి మళ్లీ విడిపోయేదాకానే ఆ రిపేరుకు ఆయుష్షు.

దీన్ని మెకానిక్కుల మోసం అని నేను అనడం లేదు. మన దగ్గర బిల్లు పార్టుకు పడుతుంది, పార్టు బిగించినందుకు కూలీ పడుతుంది. తప్పు ఎక్కడుందో వెతికినందుకు మాత్రం ఎవరూ ఏమీ ఇవ్వరు. "ఊరికే చూసినందుకు డబ్బులేంది?" అంటారు. గంటసేపు వంగి వెతికి, తెగిన వైరు పట్టుకుని అతికించిన మనిషి చేతిలో వందో నూటయాభయ్యో పెట్టి బండి ఎక్కుతారు. అదే మనిషి ఏమీ వెతక్కుండా మోటారు మార్చేస్తే వేలల్లో బిల్లు కట్టి, పైగా పాత మోటారు చేతికి ఇస్తే తృప్తిగా తీసుకుపోతారు. ఇట్లాంటి లెక్క నడిచే చోట ఎవరైనా ఎందుకు వెతుకుతారు? పాత బండిని నిలబెట్టుకోవాలనుకునేవాళ్లు తప్పు వెతికినందుకు విడిగా కూలీ ఇవ్వాలని, ఆ కూలీ ఎంతో బండి విప్పకముందే మాట్లాడుకోవాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. నమ్మకానికి కారణాలు చెప్పాలంటే ఒక అద్దం గురించి కాస్త వివరంగా మాట్లాడాలి.

డిక్కీ తలుపు లోపలికి అద్దం దిగిపోయే బండ్లు మన రోడ్ల మీద దాదాపు కనపడవు. మన బండ్లలో వెనక అద్దం తలుపుకు బిగించే ఉంటుంది. వైపరు, మంచు పోగొట్టే డీఫాగర్ గీతలు, సెంట్రల్ లాకు, నంబరు ప్లేటు లైటు, ఆ తలుపులో కరెంటుతో పని ఉన్నవి ఎక్కువగా ఇవే. అమెరికాలో అట్ల కాదు. పాత ఫోర్డ్ బ్రాంకో, షెవ్రొలే బ్లేజర్ పెద్ద బండ్లు, 1984లో మొదలైన టయోటా ఫోర్ రన్నర్, తర్వాత వచ్చిన సీక్వోయా, వీటన్నిట్లో డిక్కీ అద్దం బటన్ నొక్కితే తలుపులోకి దిగుతుంది. బ్రాంకో లాంటి వాటిలో అద్దం పూర్తిగా దిగితేనే తలుపు కిందికి తెరుచుకుంటుంది. అద్దం పైనే ఇరుక్కుందంటే తలుపే రాదు. లోపల వెనక సీటు మీదుగా పాకి ప్యానెల్ విప్పుకోవాలి.

మా చిన్నాయన కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. వాడి దగ్గర అట్లాంటి పాత బండి ఒకటి ఉంది. దాని డిక్కీ అద్దం సగంలో ఆగిపోయింది. అక్కడి షాపువాళ్లు మోటారు, అద్దాన్ని ఎత్తే మిషను రెండూ కలిపి మార్చాలన్నారంట. "అన్నా, నువ్వు ఎప్పుడూ భాయ్ షాపులో కూర్చుంటావు కదా, ఒకసారి అడుగు" అని ఫోన్ చేశాడు. భాయ్ అంటే మా వీధి చివర బండ్ల ఎలక్ట్రీషియన్. అడిగే ముందు నేను వాడికి చెప్పింది ఒక్కటే. అద్దం సగం తెరిచి పెట్టుకుని బండి నడపొద్దు, పిల్లలను అసలే ఎక్కించుకోవద్దు అని. వాన పడుతుందనో, దొంగలు పడతారనో కాదు. ముందుకు పోతున్న బండి వెనకాల గాలి ఒత్తిడి తగ్గుతుంది. సైలెన్సర్ నుంచి వచ్చే పొగ అక్కడే సుడి తిరిగి, తెరిచి ఉన్న డిక్కీ అద్దం గుండా లోపలికి వస్తుంది. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. బండి నడిచేటప్పుడు వెనక అద్దం మూసి ఉంచాలని ఫోర్ రన్నర్ మాన్యువల్‌లోనే హెచ్చరిక ఉంది. కాబట్టి సోకు కోసం పెట్టిన అద్దం కదా, తర్వాత చూసుకుందాం అని వదిలేసే రిపేరు కాదిది. అప్పటికప్పుడు ప్లాస్టిక్ షీటు, టేపు పెట్టయినా మూయాల్సిందే.

ఇక వెతకడం సంగతి. పార్టు మీద చెయ్యి వేయకముందే, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా బండినే అడిగి తెలుసుకోదగ్గవి చాలా ఉన్నాయి.

బటన్ నొక్కినప్పుడు చప్పుడు వస్తోందా, లేదా? తలుపులో మోటారు గిర్రున తిరిగే చప్పుడు వస్తూ అద్దం కదలడం లేదంటే కరెంటుకు ఏ రోగమూ లేదు. అద్దాన్ని ఎత్తే మిషనులో కేబుల్ తెగిందో, ప్లాస్టిక్ పుల్లీ పగిలిందో, అద్దం పట్టుకునే క్లిప్పు ఊడిందో అయి ఉంటుంది. మోటారులో పళ్లు అరిగినా ఇదే చప్పుడు. ఏ చప్పుడూ లేకపోతే కరెంటు దారి చూడాలి.

రాత్రి పూట బండి లోపలి లైటు వేసి, బటన్ నొక్కి ఆ లైటునే చూడండి. నొక్కినప్పుడు లైటు కొంచెం డల్ అయితే మోటారులోకి కరెంటు పోతోంది, కానీ తిరగలేకపోతోంది. అంటే అద్దం ఇరుక్కుంది, లేదా మోటారు లోపల పట్టేసింది. లైటు చెక్కుచెదరకుండా వెలుగుతుంటే మోటారులో కరెంటు పారడమే లేదు. దారిలో ఎక్కడో తెగి ఉంటుంది, లేదా మోటారు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్షులు అరిగి తాకడం లేదు. దారి చూడకుండా మోటారు మార్చేస్తే లాభం ఉంటుందని చెప్పలేం. ఇంత ఉపయోగపడే పరీక్షను మా ఊళ్లో చేసేవాళ్లు అరుదు. దీనికి టూలు కూడా అక్కర్లేదు.

మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది. అద్దం ఒక వైపుకే పనిచేస్తోందా? దిగుతుంది గానీ ఎక్కదు, లేదా ఎక్కుతుంది గానీ దిగదు అంటే నేను మోటారును అనుమానించను. దానికి ఉండేవి రెండే వైర్లు. ఒకదానికి ప్లస్, ఇంకోదానికి ఎర్తు ఇస్తే ఒక పక్కకు తిరుగుతుంది. అవే తిరగేసి ఇస్తే ఇంకో పక్కకు తిరుగుతుంది. ఒక పక్కకు బాగా తిరిగే మోటారు రెండో పక్కకు తిరగకపోవడానికి దానిలో కారణం ఉండదు. అలసిపోయిన మోటారు దించగలిగి ఎత్తలేకపోవచ్చు, ఎక్కేటప్పుడు అద్దం బరువు మీద పడుతుంది కాబట్టి. కానీ అప్పుడు మూలుగు వినపడుతుంది, లోపలి లైటు డల్ అవుతుంది. ఏ మూలుగూ లేకుండా ఒక వైపు మాత్రమే చచ్చిందంటే తప్పు స్విచ్‌లో ఉంటుంది, లేదా స్విచ్ నుంచి మోటారుకు పోయే దారిలో ఉంటుంది.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఇంకోటి ఉంది. పాత బండ్ల వైరింగులో ఎక్కువగా, స్విచ్ నొక్కనప్పుడు మోటారు రెండు వైర్లూ స్విచ్ లోపలే ఎర్తుకు కలిసి ఉంటాయి. నొక్కితే వాటిలో ఒకటి ఎర్తు వదిలి ప్లస్‌కు మారుతుంది. రెండోది అట్లే ఎర్తులో ఉండిపోతుంది. వెనక తలుపులకు ఆ ఎర్తు నేరుగా బాడీ నుంచి రాదు, డ్రైవర్ తలుపు మీద ఉండే మెయిన్ స్విచ్ లోపలి కాంటాక్టుల గుండా వస్తుంది. కాబట్టి డ్రైవర్ మెయిన్ స్విచ్‌లో ఒక కాంటాక్టు కాలి మసి పట్టిందంటే, ఎక్కడో వెనక తలుపులో అద్దం ఒక వైపుకు ఆగిపోతుంది. వెనక తలుపు విప్పి రోజంతా చూసినా అక్కడ తప్పు దొరకదు. పిల్లలు నొక్కకుండా డ్రైవర్ దగ్గర ఉండే లాక్ బటన్ సంగతి కూడా ముందే చూసుకోవాలి. బండి తుడిచేటప్పుడు అది నొక్కుకుపోతే వెనక స్విచ్‌లన్నీ ఒకేసారి చచ్చిపోతాయి.

మా ఏడు సీట్ల డీజిల్ బండికి వెనక ఎడమ తలుపు అద్దం ఆగినప్పుడు ఈ భాయ్ ఎట్లా వెతికాడో పక్కనే నిలబడి చూశాను. ఆయన చేతిలో ఉన్న పనిముట్టు పాత ఇండికేటర్ బల్బు ఒకటి. 21 వాట్లది. హోల్డర్‌కు రెండు వైర్లు, కొసలకు మొసలి క్లిప్పులు. డోర్ ప్యాడ్ తీసి, మోటారుకు వైర్లు తగిలించే కప్లర్ ఊడదీసి, మొదట డిజిటల్ మీటరు పెట్టాడు. నన్ను బటన్ నొక్కమన్నాడు. మీటరు 12.4 చూపించింది. మీటరు ఒక్కటే చూసినవాడైతే అక్కడే ఆగి, కరెంటు వస్తోంది, మోటారు తిరగడం లేదు, కాబట్టి మోటారు పోయింది అని తేల్చేసేవాడు. ఆయన మీటరు తీయకుండానే అవే రెండు కొసలకు బల్బు తగిలించాడు. బల్బులో దారం ఎర్రగా కనపడిందంతే, వెలుతురు రాలేదు. మీటరు అంకె 3 దగ్గరికి పడిపోయింది.

"చూసినావా అన్నా, లోపల పోగులు తెగి తాకీ తాకనట్టు ఉంటాయి" అన్నాడు.

డిజిటల్ మీటరు వైర్లోంచి కరెంటు దాదాపు ఏమీ లాగదు. వైరు లోపల రాగి పోగులు తెగి, నల్లబడిన కొసలు తాకీ తాకనట్టు ఉన్నా దానికి 12 వోల్టులు కనపడతాయి. 21 వాట్ల బల్బు దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది. ఆ భారం పడగానే ఆ తెగిన కొసల బండారం బయటపడుతుంది. అద్దం మోటారుకు దానికి కొన్ని రెట్లు కావాలి. ఎక్కడైనా ఇరుక్కుంటే ఇంకా ఎక్కువ లాగుతుంది. అందుకని పవర్ విండో వెతకడానికి బల్బే సరైనది. మీటరు దాని పక్కన సాక్షిగా ఉంటే చాలు.

తర్వాత భాయ్ తలుపు వదిలి, ఆ తలుపు కీళ్లుండే స్తంభం పక్క ప్లాస్టిక్ తీసి, బాడీ లోపలి పక్క అదే వైరుకు సూది గుచ్చి బల్బు పెట్టాడు. తెల్లగా వెలిగింది. అంటే అక్కడిదాకా కరెంటు నిండుగా ఉంది, తలుపులోకి పోయేలోపు సచ్చిపోతోంది. ఆ రెంటి మధ్య ఉన్నది ఒక్కటే, బాడీకి తలుపుకి మధ్య మడతలు మడతలుగా ఉండే రబ్బరు గొట్టం. తలుపు తీసిన ప్రతిసారీ, వేసిన ప్రతిసారీ అందులో వైర్లు వంగుతాయి. ఏళ్ల తరబడి వంగి వంగి పైన ప్లాస్టిక్ బాగానే ఉంటుంది, లోపల రాగి తెగిపోతుంది. కంటికి ఏమీ కనపడదు. భాయ్ ఆ గొట్టాన్ని వెనక్కి లాగి, లోపలి వైర్లను ఒక్కొక్కటీ రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగుతూ పోయాడు. గోధుమ రంగు వైరు దగ్గర ప్లాస్టిక్ రబ్బరు లాగా సాగింది. బాగున్న వైరు అట్లా సాగదు. లోపల రాగి పట్టుకుని ఉంటుంది. అక్కడ కోసి చూస్తే పోగులన్నీ నల్లబడి విడివిడిగా ఉన్నాయి.

ఆయన పాత వైరు కొసలనే అక్కడికక్కడ కలిపి టేపు చుట్టలేదు. వంగే చోట జాయింటు పెడితే ఆ పక్కనే మళ్లీ తెగుతుంది. మామూలుగా వేసే సోల్డరింగు ఇక్కడ ఇంకా చేటు, సోల్డర్ పీల్చుకున్న రాగి బిరుసెక్కి వంగనివ్వదు. తెగిన చోటుకు అటు పక్క, ఇటు పక్క రబ్బరు గొట్టం దాటి, అంతే మందమున్న, సన్న పోగుల మెత్తటి వైరు ముక్క వేసి, జాయింట్లు రెండూ కదలని చోట పెట్టాడు. సోల్డర్ లేకుండా నొక్కి బిగించే క్రింపు చేసి, వేడికి ముడుచుకునే స్లీవు ఎక్కించాడు. మన ఎండల్లో నల్ల టేపు మీద నాకు నమ్మకం లేదు. కడప మే నెల వేడికి దాని జిగురు కరిగి జారుతుంది, రెండో వేసవికి వైరు మీద జిగట మాత్రమే మిగులుతుంది.

డిక్కీ తలుపుల సంగతి కూడా ఇంతే, ఇంకొంచెం ఎక్కువ. పైకి లేచే తలుపు అయితే కీలు దగ్గర వైర్లు పూర్తిగా మడత పడతాయి. మన బండ్లలో నంబరు ప్లేటు లైటు, వెనక వైపరు, డిక్కీ లాకు మూడూ ఒకేసారి పోతే మూడు పార్టులు చెడినట్టు కాదు. మూడింటికీ ఉమ్మడిగా ఉన్న ఎర్తు వైరు ఆ రబ్బరు గొట్టంలో తెగినట్టు. దీన్నిబట్టే మా తమ్ముడికి ఫోన్లో భాయ్ మొదట వేసిన ప్రశ్న మోటారు గురించి కాదు: "డిక్కీలో ఇంకేమేం పనిచేయడం లేదు?" వైపరు కూడా పనిచేయడం లేదని తేలింది. అట్లాంటి కొన్ని బండ్లలో అద్దం పూర్తిగా పైకి చేరకపోతే వెనక వైపరు తిరగకుండా కట్టడి ఉంటుంది. కాబట్టి వైపరు సాక్ష్యం అక్కడ చెల్లదు. నేను అది చెప్తే భాయ్ ఒప్పుకుని, సరే సెంట్రల్ లాకు చూడమన్నాడు. అదీ ఆగి ఆగి పనిచేస్తోంది. అప్పుడు కీలు దగ్గర రబ్బరు గొట్టం విప్పమన్నాడు.

ఆ బండ్లలో ఇంకో చిక్కు ఉంది. తలుపు సరిగా మూసుకోలేదని గొళ్లెం దగ్గరి చిన్న స్విచ్‌కు తోస్తే అద్దానికి కరెంటే వదలదు. తలుపు తెరిచి పెట్టుకుని పరీక్షిస్తే అన్నీ బాగున్నా అద్దం కదలదు. కాబట్టి స్క్రూడ్రైవర్‌తో గొళ్లేన్ని మూసిన స్థితికి తిప్పి, తలుపు మూసుకుందని స్విచ్‌ను నమ్మించి పరీక్షించాలి. పని అయ్యాక హ్యాండిల్ లాగి గొళ్లెం వదిలించకుండా తలుపు వేస్తే గొళ్లెం విరుగుతుంది. ఆ స్విచ్ దుమ్ము పట్టో, తుప్పు పట్టో పనిచేయకపోయినా లక్షణం అచ్చంగా మోటారు పోయినట్టే ఉంటుంది. మా తమ్ముడి బండిలో తేలింది కీలు దగ్గర తెగిన రెండు లావు వైర్లు. వాడే కొత్త ముక్కలు వేసుకున్నాడు. మోటారు, మిషను ఇప్పటికీ పాతవే.

మోటార్లు అసలు పోవని కాదు. బ్రష్షులు అరిగిపోతాయి. బటన్ నొక్కి ఉంచి మోటారు ఒంటి మీద స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తడితే తిరగడం మొదలైందంటే బ్రష్షులు చివరికి వచ్చినట్టు. కప్లర్ దగ్గర బల్బు తెల్లగా వెలిగి, ఫ్యూజు పెట్టుకుని బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చినా మోటారు కదలకపోతే అది పోయింది. అప్పుడు మార్చాల్సిందే, ఆ డబ్బు దండగ కాదు. నేను ఒప్పుకోనిది ఆ బల్బు వెలగకముందే చెప్పే తీర్పును. మార్చేటప్పుడు కూడా ఒక జాగ్రత్త ఉంది. కత్తెర చేతుల్లాంటి మిషనుకు అద్దం బరువు మోసే గట్టి స్ప్రింగు ఉంటుంది. అద్దాన్ని టేపుతో ఫ్రేముకు కట్టి, మోటారు తిప్పే పళ్ల ప్లేటును కదలకుండా బిగించకుండా మోటారు బోల్టులు తీస్తే స్ప్రింగు ఒక్కసారిగా తిరిగి వేళ్లు నలిపేస్తుంది. ఇంట్లో చేసుకోవాలనే ఉత్సాహం ఉన్నవాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించాలి.

మా ప్రాంతంలో మోటారును నిజంగా చంపేది దుమ్ము. నేను నాపరాళ్ల పని మీద యర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు తిరుగుతుంటాను. సిమెంటు లారీలు, థర్మల్ ప్లాంటు బూడిద ట్యాంకర్లు, రాళ్లు పాలిష్ చేసే యూనిట్ల దగ్గర ఎండిన తెల్లటి బురద, ఇవన్నీ పిండి లాగా సన్నగా ఉండి అద్దం జారే రబ్బరు బీడింగులో కూరుకుపోతాయి. అద్దం మెల్లగా ఎక్కడం మొదలవుతుంది. మనం బటన్ ఇంకా గట్టిగా, ఇంకా సేపు నొక్కుతాం. చాలా మోటార్లలో వేడెక్కితే తనంతట తాను ఆగి, చల్లారాక మళ్లీ పనిచేసే రక్షణ ఉంటుంది. మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండిలో అద్దం సగంలో ఆగి, సాయంత్రానికి ఏమీ ఎరగనట్టు ఎక్కుతుందంటే అది ఈ సంగతే. బీడింగు శుభ్రం చేయకుండా మోటారు మార్చితే కొత్తదానికీ అదే గతి. పల్చటి కర్రకు గుడ్డ చుట్టి సబ్బు నీళ్లతో బీడింగు లోపల తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రే కొడితే చాలు. ఇంజిన్ ఆయిలు, గ్రీజు పూయడం మా దగ్గర మామూలే గానీ అవి రబ్బరును ఉబ్బిస్తాయి, పైన పడిన దుమ్మునంతా పట్టుకుని ముద్ద చేస్తాయి. 2012లో సుప్రీంకోర్టు అద్దాల నల్ల ఫిల్ములు తీయించినప్పుడు కొందరు పైపైన పీకేశారు. ఆ పాత బండ్లలో అద్దం అడుగున జిగురు, ఫిల్ము ముక్కలు ఇంకా ఉండి బీడింగును పట్టి లాగుతుంటాయి. అవి కూడా గీకి తీయాలి.

ఇంత వెతుకులాట ఉందని తెలిశాక కూలీ మాట మళ్లీ ఎత్తుతాను. కనపడని దాన్ని వెతికినందుకు డబ్బివ్వడం మన సీమవాళ్లకు తెలియని పని కాదు. బోరు వేయించే ముందు పాయింటు పెట్టిస్తాం. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని చేనంతా తిరిగేవాళ్లు ఉన్నారు, పంగల పుల్ల పట్టుకుని తిరిగేవాళ్లు ఉన్నారు, మిషను తెచ్చి కొలిచే జియాలజిస్టులు ఉన్నారు. లారీ వచ్చి రాయి తొలచకముందే వాళ్ల డబ్బు వాళ్లకు ఇచ్చేస్తాం. నీళ్లు పడకపోయినా తిరిగి అడగం. ఎందుకంటే పాయింటు తప్పితే ఎన్ని వందల అడుగుల డ్రిల్లింగు ఖర్చు మట్టిలో పోతుందో మనకు బాగా తెలుసు. బండి దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఎందుకు వదిలేయాలి? పైగా భాయ్ బల్బు నీళ్ల పాయింటు కంటే ఎన్నో రెట్లు నమ్మకమైనది. అది వెలిగిందో లేదో మన కళ్లతో మనమే చూస్తాం.

మా బావ ఈ విషయంలో నాతో ఒప్పుకోడు. "డబ్బు ముందే మాట్లాడుకుంటే ఆయన గంట పనిని మూడు గంటలు సాగదీస్తాడు, మనకేం తెలుస్తుంది?" అంటాడు. భయం నిజమైనదే. దానికి నా జవాబు, వెతికిన దానికి రుజువు చూపించమని అడగడం. కప్లర్ దగ్గర బల్బు ఎట్లా వెలిగింది, రబ్బరు గొట్టానికి ఈవల ఎట్లా వెలిగింది, కోసిన వైరు ముక్క ఏది? ఇవి చూపించగలిగిన మనిషి గంటో రెండు గంటలో తీసుకున్నా ఆ డబ్బు న్యాయమే. ఏమీ చూపించకుండా మోటారు అన్నవాడికి మోటారు డబ్బు కట్టడంలో ఉన్న నమ్మకం కంటే ఇది మెరుగైన నమ్మకం. ఇంకో పక్క, వెతికినా తప్పు తేలకపోవచ్చు కూడా. అప్పుడు కూడా ఇవి ఇవి బాగున్నాయి అని తేలింది కదా. తర్వాత చూసేవాడికి అంత పని తగ్గుతుంది.

పాత బండ్ల మీద ఖర్చు ఎట్లాగూ పెరుగుతోంది. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5000కు పెరిగింది. అయినా కట్టి నిలబెట్టుకుంటున్నవాళ్లు మా చుట్టూ చాలామంది ఉన్నారు, ఎందుకంటే వాళ్లకు ఆ బండే పని. ఆ బండ్లకు కంపెనీ మోటారు దొరకడం కష్టం, డూప్లికేటు ఎన్నాళ్లు వస్తుందో తెలియదు. లోపల ఉన్న అసలు మోటారు బాగుండగానే దాన్ని తీసి గుజిరీలో పడేయించుకోవడం కంటే పెద్ద నష్టం లేదు. బల్బు పద్ధతి గురించి ఒక హెచ్చరిక మాత్రం చెప్పాలి. ఇది స్విచ్ నుంచి మోటారుకు నేరుగా వైరు పోయే పాత బండ్లకే. 2019 నుంచి పెనుకొండ దగ్గర తయారవుతున్న కియాల్లాంటి కొత్త కార్లలో ఇష్టం వచ్చిన వైరుకు బల్బు తగిలిస్తే ఎలక్ట్రానిక్ మాడ్యూల్ కాలిపోవచ్చు. వాటికి స్కానర్ కావాలి, అది చదవగల మనిషి కావాలి. ఆ మనిషికి కూడా వెతికినందుకే కూలీ.

ఆ రోజు పని అయ్యాక ఎంత ఇవ్వాలి అంటే భాయ్ వైరు, స్లీవుల ఖరీదు చెప్పి, "నా కూలీ నీ ఇష్టం అన్నా" అన్నాడు. నా ఇష్టం కాదు, నువ్వు చెప్పు అని పట్టుబట్టాను. "మోటరు మార్చింటే దాంట్లో నాకు ఎంత మిగిలేదో అంత ఇయ్యి" అన్నాడు. అది నాకు న్యాయంగా తోచి ఇచ్చేశాను. తర్వాత ఇద్దరం కూర్చుని ఒక పద్ధతి అనుకున్నాం. మొదటి గంటకు ఇంత అని బండి విప్పకముందే చెప్పాలి. తప్పు ఎక్కడుందో చూపించాక, పార్టు అవసరమైతే యజమానే బజారులో కొనుక్కురావచ్చు, బిగించిన కూలీ వేరు. పార్టులో ఆయనకు మిగులు లేనప్పుడు పార్టు అంటగట్టాల్సిన పని కూడా ఆయనకు ఉండదు. భాయ్ ఇప్పుడు అట్లే చెప్తున్నాడు. కొందరు ఆ మాట వినగానే బండి స్టార్ట్ చేసుకుని పక్క షాపుకు పోతున్నారు. లారీలవాళ్లు మాత్రం ఎక్కువగా ఆగుతున్నారు. రోడ్డు మీద బండి ఆగితే రోజుకు ఎంత పోతుందో వాళ్లకు లెక్క తెలుసు.